మూడో కుర్చీ ఖాళీ అయ్యాక

2013 జూన్‌లో ఫెడెక్స్ సంస్థ తన చివరి బోయింగ్ 727ను మెంఫిస్‌లో దించి, ఆ రకం విమానాలకు సెలవిచ్చింది. 1970ల చివర్లో కొన్న పాత 727లతోనే ఆ సంస్థ చిన్న జెట్‌ల దశ దాటి పెద్ద కార్గో కంపెనీగా ఎదిగింది. మూడున్నర దశాబ్దాలు రాత్రింబవళ్లు పార్సిళ్లు మోసిన ఆ విమానాలన్నిటినీ తుక్కుకు అమ్మేయలేదు. పదుల సంఖ్యలో కళాశాలలకు, మ్యూజియాలకు, విమానాశ్రయాల్లో అగ్నిమాపక శిక్షణకు విరాళమిచ్చింది. విమానాల సంగతి అలా తేలిపోయింది. మరి ఆ కాక్‌పిట్‌లో పైలట్ల వెనక, కుడిపక్క గోడకున్న ప్యానెల్ ముందు కూర్చున్న మూడో మనిషి సంగతేమిటి?

దేశాన్నిబట్టి, కంపెనీనిబట్టి దీనికి జవాబు మారుతూ వచ్చింది. ఒకచోట ఆ ఫ్లైట్ ఇంజనీరు నేరుగా కో-పైలట్ శిక్షణకు వెళ్లాడు. మరోచోట దశాబ్దాల అనుభవాన్ని మూటగట్టుకుని ఇంటికి వెళ్లాడు. ఇద్దరూ చూసుకున్నది ఒకే ప్యానెల్, మోసింది ఒకే బాధ్యత. ఉద్యోగంలో చేరిన రోజున కంపెనీ వారి పేర్లను ఏ సీనియారిటీ జాబితాలో రాసిందన్న దగ్గరే తేడా అంతా ఉంది. ఏడు దశాబ్దాల ఈ చరిత్రను దగ్గర పెట్టుకుని చూస్తే, విమానాల రిటైర్మెంటు కన్నా ఆ జాబితాయే ఎక్కువమంది బతుకులను తేల్చిందని అర్థమవుతుంది.

ఇంతకీ ఆ మూడో మనిషి చేసే పనేమిటి? విమానం బయలుదేరడానికి చాలా ముందే అతను టార్చిలైటు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతాడు. టైర్ల అరుగుదల, బ్రేకులు, హైడ్రాలిక్ ద్రవం కారిన మరకలు, ఇంజను కవర్లు, సరుకు తలుపుల గొళ్లేలు ఒక్కొక్కటీ చూస్తాడు. వానైనా మంచైనా ఈ ప్రదక్షిణ తప్పదు. లోపలికి వచ్చాక విద్యుత్తు, ఇంధనం, హైడ్రాలిక్స్, క్యాబిన్ పీడనం అన్నీ అతని చేతిలోనే ఉంటాయి. 727లో మూడు ఇంజన్లకు మూడు జనరేటర్లు. ఒక జనరేటరును ఇంకోదానితో కలపాలంటే రెండింటి విద్యుత్తు ఒకే లయలో నడవాలి. ప్యానెల్ మీద చిన్న దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. ఫ్రీక్వెన్సీ నాబ్‌ను మెల్లగా తిప్పుతూ, వాటి మిణుకు నిదానించేదాకా ఓపిక పట్టి, దీపాలు ఆరిన క్షణంలో బ్రేకర్ స్విచ్ వేయాలి. ఈ పని చేతికి అలవాటైతే తప్ప పుస్తకం చదివితే రాదు. టేకాఫ్ సమయానికి కుర్చీని పట్టాల మీద ముందుకు జరుపుకుని, ఇద్దరు పైలట్ల మధ్యకు వచ్చి, ఇంజన్ల శక్తి సరిచూసి, గేజ్‌ల మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చుంటాడు.

నేల మీద దిగే ప్రయాణికుల విమానాల్లో ఈ ఉద్యోగానికి ప్రత్యేకమైన కుర్చీ వేసిన మొదటి విమానం 1940లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్ 307. యుద్ధకాలపు బీ-29 బాంబర్లు, ఆ తర్వాత కాన్‌స్టెలేషన్, డీసీ-6 లాంటి నాలుగింజన్ల విమానాలు వచ్చేసరికి ఫ్లైట్ ఇంజనీరు లేకుండా కదలని పరిస్థితి ఏర్పడింది. 1948లో అమెరికా ప్రభుత్వం 80,000 పౌండ్లకు మించిన బరువుతో ఎగిరే విమానాల్లో ఫ్లైట్ ఇంజనీరు ఉండి తీరాలని నిబంధన పెట్టింది. దాదాపు 36 టన్నులన్నమాట. అయితే ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో ఆ నిబంధన తేల్చలేదు. హ్యాంగర్‌లో ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్కా, లేక పైలట్ లైసెన్సు చేతిలో ఉండి ముందు కుర్చీ కోసం ఎదురుచూస్తున్న కుర్రవాడా?

తర్వాతి గొడవంతా ఇక్కడే పుట్టింది. పైలట్ల సంఘం ఆ కుర్చీ తమదంది. ఫ్లైట్ ఇంజనీర్ల సంఘం తమదంది. జెట్ విమానాలు వచ్చిన కొత్తలో కొన్ని అమెరికన్ కంపెనీలు ఇద్దరినీ కాదనలేక ముగ్గురు పైలట్లను, వారితోపాటు ఒక ఫ్లైట్ ఇంజనీరును, మొత్తం నలుగురిని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టాయి. యునైటెడ్ కంపెనీలో పైలట్లూ ఫ్లైట్ ఇంజనీర్లూ ఒకే వర్గమని కార్మిక మధ్యవర్తిత్వ బోర్డు తీర్పు చెప్పడంతో, 1961 ఫిబ్రవరిలో ఇంజనీర్లు సమ్మెకు దిగారు. పాన్ అమ్, టీడబ్ల్యూఏ, అమెరికన్, ఈస్టర్న్ లాంటి పెద్ద కంపెనీల విమానాలు నేలకు దిగిపోయాయి. అధ్యక్షుడు కెనెడీ వేసిన ఫైన్‌సింగర్ కమిషన్ ఒక మధ్యేమార్గం చూపింది. నలుగురిని ముగ్గురికి తగ్గించండి, ఇప్పుడున్న ఇంజనీర్లకు ఉద్యోగ భద్రత ఇవ్వండి, వారికి పైలట్ శిక్షణ కూడా ఇప్పించండి అంది. న్యాయమైన సలహా. కానీ దాన్ని అందరూ ఒకే తీరుగా అమలు చేయలేదు. 1962లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు మళ్లీ సమ్మె చేస్తే, కంపెనీ పైలట్లనే ఆ కుర్చీల్లో కూర్చోబెట్టి విమానాలు నడిపింది. సమ్మె చేసినవారిలో చాలామంది ఉద్యోగాలు పోయాయి.

అప్పటి నుంచి రెండు దారులు ఏర్పడ్డాయి. అమెరికాలో ఎక్కువ కంపెనీల్లో ఆ కుర్చీ పైలట్ జీవితంలో మొదటి మెట్టయింది. దానికి సెకండ్ ఆఫీసర్ అని పేరు. కొత్తగా చేరిన పైలట్ కొన్నేళ్లు ప్యానెల్ చూసుకుంటూ, కెప్టెన్ నిర్ణయాలు తీసుకునే తీరును వెనక నుంచి గమనించి, ఆ తర్వాత కో-పైలట్ కుర్చీకి మారేవాడు. బ్రిటన్, ఆస్ట్రేలియా, జపాన్ కంపెనీల్లో మాత్రం ఎక్కువగా ఇంజనీరు వృత్తి నుంచి వచ్చినవారే ఆ కుర్చీలో జీవితాంతం ఉండిపోయారు. విమానం గురించి వారికున్నంత లోతైన పరిజ్ఞానం మరొకరికి ఉండేది కాదు. ముందు కుర్చీకి వెళ్లే దారీ వారికి ఉండేది కాదు.

ఆ కుర్చీకి ముప్పు 1960ల్లోనే మొదలైంది. అమెరికా ప్రభుత్వం బరువు నిబంధన తీసేసి, పనిభారాన్నిబట్టి ఎంతమంది ఉండాలో తేల్చే పద్ధతి తెచ్చింది. డీసీ-9, 737 ఇద్దరు పైలట్లతోనే అనుమతి పొందాయి. పెద్ద విమానాల్లోనూ ఇద్దరు సరిపోతారా అన్న వివాదం ముదిరాక, 1981లో అధ్యక్షుడు రీగన్ వేసిన నిపుణుల బృందం ఇద్దరితో ప్రమాదమేమీ పెరగదని చెప్పింది. ఆ తర్వాత ఎవరూ ఆపలేకపోయారు. 1989లో బోయింగ్ 747-400 వచ్చింది. పాత 747 కాక్‌పిట్‌లో దీపాలు, గేజ్‌లు, స్విచ్‌లు కలిపి 971 ఉంటే, కొత్తదానిలో 365 మిగిలాయి. పోయిన వాటిలో చాలా భాగం ఇంజనీరు ప్యానెల్‌వే. ఆయన పనిని కంప్యూటర్లు తీసుకున్నాయి. లోపం వస్తే తెర మీద వరసగా సూచనలు కనిపిస్తాయి, పైలట్లు వాటిని అనుసరిస్తారు.

అయినా సరుకు విమానాల్లో ఆ కుర్చీ మరో రెండు దశాబ్దాలు నిలిచింది. దానికి కారణం పూర్తిగా లెక్కల వ్యవహారం. ప్రయాణికుల విమానం రోజంతా ఎగిరితేనే దాని ఖరీదు గిట్టుబాటవుతుంది. పార్సిల్ విమానం సాయంత్రం సరుకుతో హబ్‌కు వెళ్లి, తెల్లారేలోగా తిరిగొచ్చి, పగలంతా ఖాళీగా నిలబడి ఉంటుంది. రోజుకు నాలుగైదు గంటలు ఎగరడానికి కొత్త విమానం కొనడం దండగ. ప్రయాణికుల కంపెనీలు వదిలించుకున్న 727, డీసీ-8, డీసీ-10, 747-200లను చవగ్గా కొని, పక్కన పెద్ద తలుపు కోసి, నేలకు రోలర్లు బిగిస్తే సరిపోతుంది. ఇంధనం ఎక్కువ తాగినా, మూడో మనిషికి జీతం ఇచ్చినా లాభమే. 2008 జులైలో ముడిచమురు పీపా 147 డాలర్లకు చేరేసరికి ఈ లెక్క తలకిందులైంది. ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చి సరుకూ తగ్గింది. యూపీఎస్ 2009 మేలో తన చివరి డీసీ-8లను పక్కన పెట్టింది. అదే సంవత్సరం చివర్లో నార్త్‌వెస్ట్ సంస్థ 747 కార్గో విభాగం మూతపడింది. 747-200లతో నడిచిన ఎవర్‌గ్రీన్ 2013లో పూర్తిగా ఆగిపోయింది.

ఫెడెక్స్ ఇంకో పద్ధతి కూడా అనుసరించింది. తన డీసీ-10లను పారేయకుండా వాటి కాక్‌పిట్‌నే మార్చింది. హనీవెల్ పరికరాలు బిగించి, ఇంజనీరు ప్యానెల్ తీసేసి, 2000లో ఎండీ-10 పేరుతో వాటిని మళ్లీ సర్వీసులోకి తెచ్చింది. వాటి పైలట్లు ఎండీ-11లను కూడా నడపగలిగారు. ఆ ఎండీ-10లు 2022 చివరిదాకా ఎగిరాయి. అంటే విమానం మరో ఇరవై రెండేళ్లు బతికింది, కుర్చీ మాత్రం ముందే పోయింది. పాత విమానంతోపాటే మూడో ఉద్యోగం సహజంగా కనుమరుగైందనే మాట ఇక్కడ నిలవదు. అది లెక్క వేసి తీసుకున్న నిర్ణయం.

ఈ నిర్ణయం వల్ల ఎవరికేమైందో చూద్దాం. అమెరికన్ కార్గో కంపెనీల్లో సెకండ్ ఆఫీసర్లుగా ఉన్న యువ పైలట్లకు పెద్దగా నష్టం లేదు. వారు పైలట్ల జాబితాలోనే ఉన్నారు కాబట్టి, ఖాళీలున్నప్పుడు కొత్త విమానాల్లో కో-పైలట్లయ్యారు. ఖాళీలు లేనప్పుడు జాబితా అడుగునున్నవారు కొంతకాలం ఇంటి దగ్గర ఉండాల్సి వచ్చింది. వారు పోగొట్టుకున్నది వేరే: వెనక కూర్చుని నేర్చుకునే ఆ కొన్నేళ్ల కాలం. ఇప్పుడు కొత్త పైలట్ సిమ్యులేటర్ నుంచి నేరుగా ముందు కుర్చీకే వస్తున్నాడు.

అదే కంపెనీల్లో జుట్టు నెరసిన ఫ్లైట్ ఇంజనీర్లు కొందరుండేవారు. వారి కథ విచిత్రమైనది. అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్ 60 ఏళ్లకు దిగిపోవాలన్న నిబంధన చాలాకాలం ఉంది. ఆ నిబంధన ఫ్లైట్ ఇంజనీరుకు వర్తించదు. అందుకని కొందరు కెప్టెన్లు 60 నిండగానే నాలుగు గీతల హోదా వదులుకుని, వెనక ప్యానెల్ ముందుకు మారి పని కొనసాగించాలనుకున్నారు. వెస్టర్న్ ఎయిర్‌లైన్స్ కుదరదంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1985లో కోర్టు ఏకగ్రీవంగా ఉద్యోగుల పక్షాన నిలిచి, వయసొక్కటే కారణంగా ఫ్లైట్ ఇంజనీరును పంపేయడం చెల్లదంది. అదే ఏడాది టీడబ్ల్యూఏ మీద కేసులోనూ వయసు వివక్షను తప్పుపట్టింది. ఈ తీర్పుల ఫలితంగా పాత కార్గో విమానాల వెనక కుర్చీ మాజీ కెప్టెన్లకు ఆసరా అయింది. 2007 డిసెంబరు 13న వయోపరిమితిని 65కు పెంచుతూ చట్టం వచ్చింది. అప్పటికే 60 దాటినవారిలో, ఆ రోజున అదే కంపెనీ కాక్‌పిట్‌లో తప్పనిసరి సిబ్బందిగా ఉన్నవారికి మాత్రం పైలట్ కుర్చీకి తిరిగివెళ్లే హక్కు దక్కింది. అప్పటికే రిటైరైనవారు రావాలంటే సీనియారిటీ అంతా వదిలేసి, కొత్తగా చేరినవారి వెనక నిలబడాలి. ఒక డీసీ-10 లేదా 727 ప్యానెల్ ముందు కూర్చుని ఉండటమే కొందరికి మళ్లీ కెప్టెన్ కుర్చీ దక్కేలా చేసింది.

రెండో దారిలో వెళ్లినవారికి ఇలాంటి తలుపు ఏదీ తెరుచుకోలేదు. 2003 అక్టోబరులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ కాంకార్డ్ ఆగిపోయింది. 2008 చివర్లో క్వాంటాస్ తన 747-300లను పక్కన పెట్టింది. 2009లో జపాన్ ఎయిర్‌లైన్స్ పాత 747లకు వీడ్కోలు చెప్పింది. ప్రతిచోటా ఆ ఆఖరి విమానంతోపాటే ఫ్లైట్ ఇంజనీరు ఉద్యోగమూ ఆ కంపెనీలో ముగిసింది. ఇవన్నీ ప్రయాణికుల విమానాలే అయినా, ఆ వృత్తిలోనే ఎదిగినవారికి కార్గో కంపెనీల్లోనూ ఇంతకన్నా భిన్నంగా ఏమీ జరగలేదు.

నిబంధనల్లోని అన్యాయం ఒకటి ఇక్కడ చెప్పాలి. అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సుకు సాధారణంగా 1,500 గంటలు కావాలి. ఫ్లైట్ ఇంజనీరుగా ఎగిరిన మూడు గంటలను ఒక గంటగా లెక్కించే వీలుంది, అది కూడా 500 గంటలు దాటకూడదు. పైగా ఆ మనిషికి పైలట్ లైసెన్సు ఉండి, అతను కంపెనీ పైలట్ శిక్షణ కార్యక్రమంలో ఉన్నప్పుడే ఇది వర్తిస్తుంది. మెకానిక్‌గా వచ్చి వేల గంటలు ఆకాశంలో గడిపినవారికి పైలట్ల లెక్కలో దక్కేది సున్నా. ఫ్లైట్ ఇంజనీరు సర్టిఫికెట్‌కు కాలం చెల్లే తేదీ ఏదీ లేదు. కానీ ఆరు నెలల్లో ఆ రకం విమానంలో 50 గంటలు ఎగరకపోతే మళ్లీ పరీక్ష నెగ్గాలి. విమానమే లేనప్పుడు ఎక్కడ ఎగరాలి? నేల మీద మరమ్మతు పనికి మళ్లుదామన్నా, గత రెండేళ్లలో కనీసం ఆరు నెలలు ఆ పని చేసినట్టు చూపాలి. ఇరవయ్యేళ్ల కిందట హ్యాంగర్ వదిలిన మనిషి ఆ తలుపు దగ్గర కూడా కొత్తవాడే.

ఇన్ని అడ్డంకుల మధ్య కూడా చాలామంది దారి వెతుక్కున్నారు. సిమ్యులేటర్ శిక్షకులుగా వెళ్లినవారు బాగా రాణించారు. కుర్రపైలట్‌కు తెర మీద ఒక ఎర్ర వాక్యం మాత్రమే కనిపిస్తుంది, దాని వెనక ఏ పంపు ఆగిందో, ఏ వాల్వ్ మూసుకుందో విడమరిచి చెప్పగలిగేది వీరే. మరికొందరు మెయింటెనెన్స్ కంట్రోల్ గదుల్లో చేరి, ఎక్కడో ఎడారి విమానాశ్రయంలో చిక్కుకుపోయిన విమానానికి ఫోన్‌లో వైద్యం చేశారు. బరువు తూకం లెక్కలు, డిస్పాచ్, ప్రమాద పరిశోధన, కొత్త విమానాల పరీక్షలు కూడా వారికి పనికొచ్చాయి. 747-400 కార్గో విమానాలు చార్టర్ల మీద మారుమూలలకు వెళ్లేటప్పుడు కొన్ని కంపెనీలు ఒక మెకానిక్‌ను వెంట పంపుతాయి. కాక్‌పిట్‌లో పని లేకపోయినా, దిగిన చోట టైరు మార్చడం నుంచి సంతకం పెట్టడం దాకా అన్నీ ఆయనే. ఫ్లైట్ ఇంజనీరు పాత పనికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఈ ఉద్యోగమే.

ఆ మూడో మనిషి లేకపోవడం వల్ల భద్రతకు నష్టం జరిగిందా? రెండు వైపులా గట్టి సాక్ష్యాలున్నాయి. 1982 జూన్ 24 రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి జావా దీవి దగ్గర అగ్నిపర్వతపు బూడిదలో చిక్కుకుంది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు విమానాన్ని జారుడుగా దింపుతుంటే, ఇంజనీరు బారీ టౌన్లీ-ఫ్రీమన్ మళ్లీ మళ్లీ ఇంజన్లను రగిలించే పనిలో ఉన్నారు. అవి తిరిగి పనిచేశాయి, 263 మంది క్షేమంగా దిగారు. 1989లో సూ సిటీ దగ్గర హైడ్రాలిక్స్ మొత్తం పోయిన యునైటెడ్ డీసీ-10 కాక్‌పిట్‌లో కూడా అదనపు చేతులే ఆదుకున్నాయి. 296 మందిలో 184 మంది బతికారు. అటువైపు 1972 డిసెంబరులో మయామీ దగ్గర ఈస్టర్న్ ట్రైస్టార్ కూలింది. చక్రాల దీపం ఒకటి మాడిపోయింది. ముగ్గురూ దాని గురించే ఆలోచిస్తూ, విమానం కిందికి జారుతున్న సంగతి గమనించలేదు. 101 మంది చనిపోయారు. కాబట్టి మూడో మనిషి ఉంటేనే క్షేమమనడం తొందరపాటే. ఆటోమేషన్ వచ్చాక మొత్తంమీద విమానయానం సురక్షితమైందన్నది నిజం. అయితే లోపాలు ఒక్కసారిగా ముంచెత్తినప్పుడు ఏమవుతుందో 2010లో క్వాంటాస్ ఏ380 చూపించింది. ఇంజను పేలి, తెర మీద వరసకట్టిన హెచ్చరికలన్నీ ముగించడానికి దాదాపు గంట పట్టింది. అదృష్టవశాత్తూ ఆ రోజు కాక్‌పిట్‌లో ఇద్దరు కాదు, ఐదుగురు పైలట్లున్నారు.

మన దేశంలో ఈ మార్పు నిదానంగా జరిగింది. ఎయిర్ ఇండియా పాత 747ల్లో, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ300ల్లో ఫ్లైట్ ఇంజనీర్లు ఉండేవారు. 1989లో ఏ320లు, 1993లో 747-400లు రావడంతో వారి అవసరం తగ్గుతూ వచ్చింది. వాయుసేనలో ఆ ఉద్యోగం ఇంకా బతికే ఉంది. 1985 నుంచి సేవలందిస్తున్న ఐఎల్-76 రవాణా విమానాల్లో ఫ్లైట్ ఇంజనీరు తప్పనిసరి. 2013లో వచ్చిన సీ-17ను ఇద్దరు పైలట్లు, ఒక లోడ్‌మాస్టర్ నడిపేస్తారు. విశాఖ బీచ్ రోడ్డులో నిలబెట్టిన టీయూ-142 చూసినవారికి పాత విమానానికి ఎంతమంది కావాలో అర్థమై ఉంటుంది. ఆ నౌకాదళ విమానంలో పైలట్లు, నావిగేటర్లు, ఫ్లైట్ ఇంజనీరు, సెన్సర్ల సిబ్బంది కలిసి పదిమందికి పైగా ఎగిరేవారు. 2017లో అది విరమించాక ఆ పని చేస్తున్న పీ-8ఐ కాక్‌పిట్‌లో ఉన్నది ఇద్దరు పైలట్లే.

ప్రపంచంలో ఆ కుర్చీలు ఇంకా కొన్నిచోట్ల మిగిలాయి. అలాస్కాలో ఎవర్ట్స్ సంస్థ డీసీ-6లు, లిండెన్ సంస్థ హెర్క్యులెస్‌లు రోడ్డు లేని ఊళ్లకు సరుకు చేరవేశాయి. అడవి మంటలు ఆర్పే టెన్ ట్యాంకర్ సంస్థ డీసీ-10ల్లో ముగ్గురు కూర్చుంటారు. ఆంటొనోవ్ ఏఎన్-124లో ఏకంగా ఇద్దరు ఫ్లైట్ ఇంజనీర్లు ఉంటారు. ఇలాంటి చోట్ల పని దొరికినవారు ఏటా తగ్గుతున్నారు. కొత్తవారిని తయారుచేసే శిక్షకులూ తగ్గుతున్నారు.

ఇదంతా పాత కథ అనుకోవడానికి వీల్లేదు. ఇప్పుడు రెండో కుర్చీ మీద చర్చ నడుస్తోంది, అదీ మళ్లీ సరుకు విమానాలతోనే మొదలైంది. 2018లో అమెరికా ప్రతినిధుల సభ బిల్లులో ఒక్క పైలట్‌తో నడిచే కార్గో విమానాలపై పరిశోధన చేయాలన్న సెక్షన్ చేరింది. పైలట్ల సంఘాలు గట్టిగా వ్యతిరేకించడంతో దాన్ని తొలగించారు. సుదూర ప్రయాణాల్లో మధ్యలో ఒక్క పైలట్‌నే ఉంచే ప్రతిపాదనను పరిశీలించిన ఐరోపా విమాన భద్రతా సంస్థ, ఇద్దరితో సమానమైన భద్రత ఉంటుందని ఇప్పటికి నిరూపించలేమని 2025లో చెప్పింది. కంపెనీలు ఈ ఆలోచనను అంత తేలిగ్గా వదలవు. ఫ్లైట్ ఇంజనీర్ల విషయంలో జరిగిన పొరపాటు కో-పైలట్ల విషయంలో జరగకూడదంటే చేయాల్సింది ఒకటుంది. విమానాల ఆర్డరు ఇచ్చాక అవి చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి ఆర్డరు పత్రం మీద సంతకం పెట్టేటప్పుడే, ఏ కుర్చీ పోతుందో, ఆ కుర్చీలోని మనిషి ఎక్కడికి మారతాడో, అతను ఎగిరిన గంటలకు ఏ లైసెన్సులో ఎంత విలువ దక్కుతుందో కంపెనీ, ప్రభుత్వం, సంఘాలు కూర్చుని రాసి పెట్టుకోవాలి. 1961లో ఫైన్‌సింగర్ కమిషన్ ఇచ్చిన సలహా ఇంచుమించు ఇదే. దాన్ని అందరూ పూర్తిగా అమలు చేయలేదు.